మేకు లేని దీపం

మా కృష్ణాజిల్లాలో లాంతరు అంటాం. మా ఆవిడ పుట్టిల్లు వరంగల్లు; ఆవిడ కందీలు అంటుంది. పెళ్ళయిన కొత్తలో కరెంటు పోయినప్పుడల్లా ఈ రెండు మాటల మధ్యా చిన్న తగువు నడిచేది. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి గనుక తీర్పు కూడా నేనే చెప్పేవాణ్ణి. ఆ తీర్పును ఆవిడ ఏనాడూ శిరసావహించిన పాపాన పోలేదనుకోండి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, రెండూ మనవి కావు. లాంతరు ఐరోపావారి ఓడ దిగి వచ్చిన మాట. కందీలు అరబ్బీలో బయలుదేరి ఉర్దూ మీదుగా మన ఇళ్ళలోకి వచ్చింది. దాన్ని ఇంకా వెనక్కి తరుముకుంటూ పోతే లాటిను భాషలోని ‘కాండేలా’ దగ్గర తేలుతుంది. ఇంగ్లీషువాడి క్యాండిల్ కూడా ఆ తల్లి బిడ్డే. మన ముత్తవ్వలకు తెలిసినవి ప్రమిద, సెమ్మె, గోడలో గూడు. గాలికి ఆరిపోకుండా దీపాన్ని ఆ గూట్లో కూర్చోబెట్టేవారు.

జపానువారికి ఆ వీలు లేకపోయింది. వారి పాత ఇళ్ళలో మట్టిగోడలకంటే కర్ర చట్రాలూ, కాగితపు తలుపులూ ఎక్కువ. అంచేత దీపాన్ని గూట్లో పెట్టటానికి బదులు గూడునే దీపం చుట్టూ కట్టారు. నాలుగు సన్నని కర్రకాళ్ళు, వాటి చుట్టూ కాగితం, లోపల నూనెగిన్నె, వత్తి. దీన్ని ‘అందోన్’ అంటారు. ఆ పేరు వ్రాసే రెండు అక్షరాలకూ విడివిడిగా అర్థం చెప్పుకొంటే ‘వెళ్ళే దీపం’ అని వస్తుంది. మొదట్లో చేత పట్టుకొని బయటికి వెళ్ళే దీపమే. తరవాత ఇంట్లో స్థిరపడిపోయింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1603 నుంచి 1868 దాకా సాగిన ఎడో కాలంలో ఇంటింటా ఇదే దీపం. ఉన్నవాళ్ళు ఆవజాతి గింజల నూనె పోసేవారు. లేనివాళ్ళు చేపనూనె పోసేవారు. చేపనూనె అంటే పిల్లి ఊరుకొంటుందా? రాత్రివేళ అందోన్‌లో తల దూర్చి నూనె నాకేది కాబోలు, కాగితం మీద దాని నీడ ఇంతై అంతై కనిపించేది. నూనె నాకే మాయపిల్లుల కథలు జపానులో బోలెడు.

అటువంటి అందోన్ ఒకటి ఈ మధ్య సైనిక్‌పురిలో మా వసారాలో తయారయింది. చేసినవారు ముగ్గురు: ఒక వడ్రంగి మేస్త్రి, ఇంటరు చదువుతున్న మా అమ్మాయి, నేను. చేయించినవారు మా వీధి చివరి ఇంటి అమ్మగారు.

సైనిక్‌పురి ఎరగనివారికి ఒక మాట. ఇది సికింద్రాబాదుకు ఈశాన్యంగా, మాజీ సైనికాధికారుల కోసం సహకార పద్ధతిలో వెలసిన కాలనీ. విశాలమైన స్థలాలు, మధ్యలో ఇల్లు, చుట్టూ మామిడి, వేప. ఇప్పుడు ఆ ఇళ్ళు ఒకటొకటిగా అపార్టుమెంట్లవుతున్నాయి. ఎవరినీ తప్పుపట్టి లాభం లేదు. పిల్లలు దూరదేశాల్లో ఉంటారు, పెద్దవారికి అంత తోట ఊడ్చుకొనే ఓపిక ఉండదు. ఇల్లు పడగొట్టే ముందు తలుపులూ కిటికీలూ ఊడదీస్తారు. పాత టేకుకు గిరాకీ ఉంది గదా! అందుకని మా వీధుల్లో ఇంటికంటే ముందు కిటికీలు ఊరు విడిచిపోతుంటాయి.

ఈ అమ్మగారి భర్త సైన్యంలో పెద్ద హోదాలో పనిచేసి, రిటైరయి, ఈ ఇల్లు దగ్గరుండి కట్టించుకొన్నారు. ఆయన పోయి పదేళ్ళయింది. ఆవిడకు ఎనభై దాటాయి. బెంగుళూరులో కూతురి ఫ్లాట్‌కు వెళ్ళిపోవటానికి నిశ్చయం జరిగింది. వెళ్ళేందుకు మూడు వారాలు ఉందనగా ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, “మాస్టారూ! ఆయన రోజూ పొద్దున్నే తూర్పు కిటికీ దగ్గర కూర్చొని పేపరు చదివేవారు. ఆ కిటికీ నాతో తీసుకుపోవాలని ఉంది. మా అల్లుడు, ‘పెట్టెలో పట్టేదేదన్నా చెప్పండి అత్తయ్యగారూ’ అంటున్నాడు. పట్టేలాగా ఏదన్నా చేయించగలరా?” అన్నారు.

ఆవిడ నన్నే ఎందుకు అడిగారంటే దానికో కారణం ఉంది. నా దగ్గర చదువుకొని ఇప్పుడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్న ఒక కుర్రవాడు, కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు నాకొక జపాను రంపమూ, ఒక చుట్ట కాగితమూ తెచ్చి ఇచ్చాడు. గురుదక్షిణగా పంచెల చాపు తెచ్చేవాళ్ళున్నారు గాని, రంపం తెచ్చిన శిష్యుడు వీడొక్కడే. వీధిలో నలుగురికీ దాన్ని చూపించి ఉంటాను. చిన్నప్పుడు మా ఊళ్ళో వడ్రంగి కొట్టం దగ్గర గంటలకొద్దీ నిలబడి చూసిన వాణ్ణి. సెలవుల్లో పీటలూ, పుస్తకాల అరలూ చేసుకొనే అలవాటు నాకు అప్పటినుంచీ ఉంది. అయినా ఈ పని ఒక్కచేతి మీద అయ్యేది కాదు. అంచేత మా పేటలో చాలాకాలంగా పనిచేస్తున్న మేస్త్రికి కబురుపెట్టాను.

మేస్త్రి వచ్చి ముందు రంపాన్ని తిప్పి తిప్పి చూశాడు. దానికి రెండు అంచులా పళ్ళున్నాయి: ఒకవైపు కర్రను నారవెంట చీల్చటానికి, రెండోవైపు అడ్డంగా కోయటానికి. రేకు తాటాకంత పలుచన. “ఏంది సార్, పండ్లు ఉల్టా ఉన్నయి?” అన్నాడు. ఉల్టా కాదు, జపాను రంపం తోస్తే కోయదు, లాగితే కోస్తుంది. తోసే రంపం మధ్యలో వంగిపోకుండా మందంగా ఉండి తీరాలి. లాగేటప్పుడు రేకు దానంతట అదే బిగిసి నిలుస్తుంది గనుక ఎంత పలుచనైనా ఫరవాలేదు. రేకు పలుచనైతే కోత సన్నం, కోత సన్నమైతే అతుకు బిగువు. ఇదంతా పాఠం చెప్పినట్టు చెప్పబోతుంటే మేస్త్రి నవ్వి, “మా తాత రంపం గిట్లనే ఉంటుండె సార్. కూసోని, కాళ్ళతోని కట్టె పట్టుకోని, గుంజి కోస్తుండె” అన్నాడు. ఆ తీరు జపానుదీ కూడా. అక్కడి వడ్రంగీ నేలమీద కూర్చొని, పాదంతో కర్రను అదిమిపట్టి, రంపాన్నీ చిత్రికనూ తనవైపుకే లాక్కుంటాడు. నిలబడి, బల్లకు కర్రను బిగించి, ముందుకు తోసే పద్ధతి మనకు ఇంగ్లీషు పనిముట్లతో వచ్చింది.

అసలు విశేషం కిటికీ రెక్క విప్పినప్పుడు బయటపడింది. దాని మీద నాలుగు పూతల రంగు. మేస్త్రి మూల దగ్గర రంగు గీకి, వేలితో తడిమి, ఇంత గుండ్రని మచ్చ చూపించాడు. అది కొయ్యచీల. వెనకనుంచి సన్నని కమ్మీ ఆనించి రెండు దెబ్బలు వేస్తే చీల ఊడి వసారాలో దొర్లింది. ఆ తరవాత కర్రసుత్తితో మెల్లగా తట్టాడు. అడ్డపట్టె కొసన నాలుకలాగా చెక్కిన కుసి, నిలువుపట్టెలోని బెజ్జంలోంచి నిదానంగా జారి బయటికి వచ్చింది. జిగురు లేదు. మేకు లేదు. పైన ఎండకూ వానకూ నలుపెక్కిన టేకు, లోపల నిన్న కోసినట్టు తేనెరంగులో ఉంది. ఉలి దెబ్బల గుర్తులు కూడా చెరగలేదు. ఎవరు చేశారో తెలియదు. మేస్త్రి ఆ బెజ్జంలో వేలు పెట్టి, కాసేపు మాట్లాడలేదు. “మంచి చెయ్యి సార్” అన్నాడు చివరకు.

మేకు కొట్టకపోవటం మడికట్టుకోవటం లాంటి నియమం కాదు. దానికి లెక్క ఉంది. కర్ర చచ్చినా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మన వానాకాలంలో గాలిలోని చెమ్మ పీల్చుకొని అడ్డంగా ఉబ్బుతుంది. ఏప్రిల్ ఎండలకు ముడుచుకొంటుంది. నిలువున మాత్రం పెరగటం, తగ్గటం లేదన్నంత తక్కువ. ఇనుపమేకు ఈ రాకపోకలకు ఒప్పుకోదు. ఏటేటా కర్ర కదులుతుంటే మేకు చుట్టూ రంధ్రం వదులవుతుంది, చెమ్మకు మేకు తుప్పుపడుతుంది. కుసీ బెజ్జమూ కలిపితే కర్రకు కర్రే తోడు, రెండూ కలిసి ఉబ్బుతాయి, కలిసి ముడుచుకొంటాయి. పైగా ఎప్పుడైనా ఒక పట్టె పుచ్చితే చీల ఊడదీసి ఆ ఒక్కటీ మార్చుకోవచ్చు. టేకులో సహజంగా నూనె ఉంటుంది గనుక జిగురు కూడా అంత గట్టిగా పట్టదు. మాకు ఇంకొక లాభం కూడా కనిపించింది: చీలలు ఊడదీస్తే దీపం మొత్తం విడివిడి ముక్కలై అల్లుడుగారి పెట్టెలో పడుకొంటుంది!

ఇక్కడ చిన్న సవరణ. జపాను వడ్రంగులు మేకు ముట్టనే ముట్టరని ఒక కథ ప్రచారంలో ఉంది. అది అతిశయోక్తి. నారా దగ్గరి హోర్యూజీ ఆలయంలోని కట్టడాలు ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత కర్ర కట్టడాలలో ఉన్నాయి. వాటి వయస్సు సుమారు 1300 సంవత్సరాలు. వాటిలో కూడా కమ్మరి కొట్టిన ఇనుపమేకులున్నాయి. అయితే భారం మోసేది మేకు కాదు, అతుకు. అందుకే 1934లో మొదలుపెట్టిన పెద్ద మరమ్మతులో ఆ కట్టడాలను దూలం దూలంగా విప్పి, చెడిన ముక్కలు మార్చి, తిరిగి నిలబెట్టగలిగారు. మన మేస్త్రి కిటికీ విప్పినట్టేనన్నమాట, కాకపోతే అది గుడి.

మా దీపానికి కొలతలు ఇలా వేసుకొన్నాం. 7 అంగుళాల చదరం, 13 అంగుళాల ఎత్తు. కాళ్ళు నాలుగు, ముప్పాతిక అంగుళం మందం. పైన నాలుగు, కింద నాలుగు అడ్డపట్టెలు. అంటే 16 కుసులు, 16 బెజ్జాలు, 16 చీలలు. రెండు పక్కలనుంచి వచ్చే కుసులు ఒకే కాలిలో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి పెట్టాలి. ఇది మేస్త్రి సాయంత్రాలు నాలుగింటిలో ముగించాడు. ఆయన ఉలులు నూనెగుడ్డలో చుట్టి ఉన్నాయి. విప్పుతూ, ఈ సన్న ఉలి తీసి ఎన్నేళ్ళయిందో అన్నాడు. ఈ రోజుల్లో ఆయనకు దొరికే పని ప్లయివుడ్డు కోసి, రేకు అంటించి, మరచీలలు బిగించటం.

చిత్రిక పట్టే పని నాకు వచ్చింది. హైదరాబాదు ప్రాంతంలో దీన్ని రందా అంటారు. మా తెలుగు మాస్టర్లకు చిత్రిక మహా ఇష్టమైన మాట. ఫలానా కవి పద్యాన్ని చిత్రిక పట్టాడంటాం, ఫలానా రచయిత వాక్యం ఇంకా చిత్రిక పట్టాలంటాం. క్లాసులో కూర్చున్న అరవై మందిలో చిత్రికను కళ్ళతో చూసినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ వారం నేను టేకు పొట్టు కాస్త జేబులో వేసుకొని కాలేజీకి పోయి బల్లమీద పెట్టాను. ఉల్లిపొరలాగా చుట్టలు చుట్టుకొని ఉన్న ఆ పొట్టును ఒక్కొక్కరే తీసుకొని వాసన చూశారు. వెనక బెంచీ కుర్రవాడొకడు, “సార్, నునుపు కావాలంటే ఇంత పోగొట్టుకోవాలా?” అన్నాడు. పరీక్షలో వ్రాయడు గాని వాడికి ఆ రోజు పూర్తి మార్కులే.

కాళ్ళు అయ్యాయి. ఇక జాలీ. జపానులో దీన్ని ‘కుమికో’ అంటారు. 3 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల వెడల్పు గల సన్నని బద్దలు. వీటికి మేకు కొట్టటం మాట అటుంచి, మేకు చూపిస్తే చీలేలా ఉంటాయి. నిలువు బద్దా అడ్డ బద్దా కలిసేచోట రెండింటికీ సగం లోతు గాడి తీస్తారు: ఒకదానికి పైనుంచి, ఒకదానికి కిందనుంచి. గాడి వెడల్పు సరిగ్గా బద్ద మందమంత ఉండాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే వదులై ఊగుతుంది, తక్కువైతే బద్ద పగులుతుంది. మా దీపానికి ఒక్కొక్క పక్కన 3 నిలువు బద్దలు, 7 అడ్డ బద్దలు. అవి కలిసేచోట్లు 21. కలయికకు రెండేసి చొప్పున, నాలుగు పక్కలకూ కలిపి 168 గాడులు. విడివిడిగా కోస్తే ఈ జన్మకు తెమలదు. ఉపాయమేమంటే, ఒకే రకం బద్దలన్నిటినీ పక్కపక్కన పేర్చి, కట్టగట్టి, చాకుమొనతో గీత గీసి, అన్నిటికీ అడ్డంగా ఒకేసారి రంపం లాగటం. అప్పుడు తేడా వచ్చినా అన్నిటికీ ఒకే తేడా వస్తుంది, అతుకు మాత్రం కుదురుతుంది. పెన్సిలు గీత పనికిరాదు. పెన్సిలు గీతకు మందం ఉంటుందని, ఆ మందంలోనే పని చెడుతుందని మేస్త్రి అంటాడు.

గళ్ళ జాలీ పూర్తయ్యాక మధ్య రెండు వరసల్లో పువ్వు కూర్చాలని సంకల్పం. ‘అసనోహా’ అనే పాత నమూనా అది. అసా మొక్క ఆకు అని అర్థం. ఆ మొక్కను నారకోసం పెంచేవారు. వృక్షశాస్త్రం ప్రకారం మన గంజాయిదీ దానిదీ ఒకే జాతి. నిటారుగా, తొందరగా పెరుగుతుంది గనుక పిల్లలు అలా ఎదగాలని పసివాళ్ళ బట్టల మీద ఆ నమూనా వేసేవారు. ఈ సంగతి చెప్తే అమ్మగారు పడిపడి నవ్వి, “ఎనభై ఏళ్ళదాన్ని, ఇంకా ఎక్కడికి పెరగమంటారు మాస్టారూ!” అన్నారు. గంజాయి సంగతి ఆవిడకు చెప్పలేదు.

ఈ పువ్వులో లెక్కలున్నాయి, అక్కడ మా అమ్మాయి పెత్తనం మొదలయింది. ఒక్కొక్క చదరపు గడిలో ముందు మూలనుంచి మూలకు ఒక పుల్ల. దాంతో గడి రెండు త్రిభుజాలవుతుంది. ప్రతి త్రిభుజంలోనూ మూడు మూలలనుంచి చిన్న పుల్లలు బయలుదేరి లోపల ఒకచోట కలుసుకోవాలి. “నాన్నా, ఇది ఇన్‌సెంటర్!” అంది. తెలుగులో అంతరవృత్త కేంద్రం అంటారమ్మా అన్నాను. పేరు ఏదైనా కేంద్రం ఒకటే, కోణాలు చెప్పనిమ్మంది. 45 డిగ్రీల మూలను సగం చేస్తే 22.5, లంబకోణాన్ని సగం చేస్తే 45, పుల్లలు ఎదురుపడేచోట చెక్కవలసిన వాలు 67.5. జపానువారు ఈ వాలులు తప్పకుండా ఒక దిమ్మ చేసుకొంటారు. పుల్లను దాని గాడిలో పడుకోబెట్టి, దిమ్మ వాలు మీద ఉలిని ఆనించి చెక్కితే ప్రతి పుల్లా ఒకే కోణంలో వస్తుంది. మేస్త్రి అరగంటలో మూడు దిమ్మలు చేశాడు. ఆయనకు 67.5 అంటే ఏమిటో తెలియదు. అమ్మాయి కాగితం మీద గీసి ఇచ్చిన వాలును కంటితో చూసి, ఉలితో ఒక పొర తీసి, కోణమానిని పెట్టి చూసుకోమన్నాడు. సరిగ్గా ఉంది. చివరి పుల్ల నొక్కినప్పుడు చిన్న ‘టక్’ మనే చప్పుడు. ఆ తరవాత ఒక్క పుల్ల కూడా కదలదు. అన్నీ ఒకదాన్నొకటి అదిమిపట్టుకొని ఉంటాయి.

జపానువారు ఈ పనికి తేలికైన, నార తిన్ననైన దేవదారు జాతి కర్రలు వాడతారు. టేకు గట్టిది, ఉలి పదునును తొందరగా తినేస్తుంది. సానరాయి పక్కనే ఉంచుకోవాలి. టేకు మీద ఆ చేయి నడుస్తుందా అని మేస్త్రికి అనుమానం. అప్పుడు నేను చెప్పిన కథ పాఠకులకూ చెప్పటం న్యాయం, ఎందుకంటే అందులో మన హైదరాబాదు డబ్బు ఉంది.

పుదుచ్చేరిలో అరవిందాశ్రమం వారి వసతి భవనం ఒకటి ఉంది. పేరు ‘గోల్కొండ్’. అక్కడ ఆ పేరేమిటంటారా? సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం ఆ భవనానికి లక్ష రూపాయలు విరాళమిచ్చింది. ఆ కృతజ్ఞతతో గోల్కొండ పేరు ఫ్రెంచి వేషం వేసుకొంది. టోక్యోలో కార్యాలయం నడుపుతున్న ఆంటొనిన్ రేమండ్ దాని వాస్తుశిల్పి. ఆయన తరఫున పని చూడటానికి 1937లో వచ్చిన యువకుడు జార్జి నకషిమ, అమెరికాలో పుట్టిన జపాను సంతతివాడు. ఆ భవనపు గదులకు జపాను ఇళ్ళలోలాగా పక్కకు జారే తలుపులు, సన్నని టేకు బద్దలతో, గాలి ఆడేటట్టు, లోపలివారు బయటికి కనిపించనట్టు. గదుల్లోని టేకు సామాను నకషిమ రూపకల్పనే. ఆయన ఆశ్రమవాసి కూడా అయి, సుందరానంద అనే పేరు పొందాడు.

తరవాతి కథ ఇంకా విచిత్రం. ఆయన అమెరికా తిరిగి వెళ్ళాక యుద్ధం వచ్చింది. 1942లో పడమటి తీరంలోని జపాను సంతతివారితోపాటు ఆయననూ, భార్యనూ, పసిబిడ్డనూ ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరంలో పెట్టారు. అదే శిబిరంలో గెంటారో హికోగావా అనే వడ్రంగి ఉన్నాడు, జపానులో పని నేర్చినవాడు. పట్టభద్రుడైన వాస్తుశిల్పి ఆ వడ్రంగి పక్కన కూర్చొని, ముళ్ళకంచె లోపల, దొరికిన కర్రముక్కలతో జపాను పనిముట్లూ అతుకులూ నేర్చుకొన్నాడు. 1943లో రేమండ్ పూచీమీద విడుదలయ్యాడు. 1990లో మరణించేనాటికి ఆయన చేసిన బల్లలూ కుర్చీలూ ప్రపంచ ప్రసిద్ధాలు. 1964లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు వచ్చి ఇక్కడివారితో కలిసి పనిచేశాడు కూడా. హికోగావా పేరు మాత్రం నకషిమ కథ చెప్పేటప్పుడే వినబడుతుంది. మేస్త్రి అంతా విని, “గాయన ఒప్పుకున్నడు గద, నేర్పినోడు ఫలానా అని. గది చాలు సార్” అన్నాడు.

కాగితం అంటించే పని మా ఆవిడ తీసుకొంది. జపాను చేతికాగితాన్ని ‘వాషి’ అంటారు. ‘కోజో’ అనే మల్బరీ జాతి చెట్టు బెరడు నారతో చేస్తారు. పోగులు పొడుగ్గా ఉంటాయి గనుక పలుచనగా ఉన్నా చిరగదు. 2014లో యునెస్కో ఆ విద్యను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. దీనికి జిగురు ఏది? మెత్తగా ఉడికిన అన్నాన్ని చెక్కమీద వేసి బాగా పిసికితే చాలు. జపాను వడ్రంగులు ఈ అన్నపు జిగురుతో కర్రలు కూడా అంటించేవారు. గాలిపటాలు అంటించిన ఏ తెలుగు పిల్లవాడికీ ఇది కొత్త విద్య కాదు. కొండపల్లి బొమ్మలవారు కూడా ముక్కలు అతకటానికి చింతగింజల పిండి మక్కు వాడతారు. జాలీకి లోపలివైపు జిగురు రాసి, కాగితం పరిచి, ఆరిన తరవాత పైన సన్నగా నీళ్ళు చిలకరిస్తే ముడతలన్నీ పోయి తప్పెటలాగా బిగుస్తుంది. లోపల వత్తిదీపం పెట్టే సాహసం చేయలేదు; కర్రా, కాగితమూ, ఎనభై ఏళ్ళ పెద్దావిడా! 3 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పెట్టాం. వెలిగించగానే టేకు పువ్వు నల్లగా, వెనక కాగితం పాలమీగడ రంగులో కనిపించాయి. మా ఆవిడ చూసి, “కందీలు బాగుంది” అంది. ఈసారి నేను తీర్పు చెప్పలేదు.

అమ్మగారు ప్రయాణం రేపనగా వచ్చారు. మేస్త్రి ఆవిడ ఎదురుగా కూర్చొని చీలలు ఊడదీసి, దీపాన్ని విప్పి, మళ్ళీ బిగించి చూపించాడు. తరవాత ఆవిడచేతనే విప్పించాడు. ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి గాని రెండోసారికి దారి పట్టుకొన్నారు. నాలుగు జాలీలూ రెండు పట్టుచీరల మధ్యకు చేరాయి. కాళ్ళూ పట్టెలూ ఒక తువ్వాలులో చుట్టుకొన్నారు. వారం తరవాత బెంగుళూరునుంచి ఫోను. “అంతా నేనే బిగించాను మాస్టారూ, అల్లుణ్ణి ముట్టుకోనివ్వలేదు. కాని ఒక చీల మిగిలిపోయింది. ఎక్కడో తప్పానంటారా?” అని కంగారు. మేస్త్రి ఎప్పుడో ఒకటి పోతుందని 17 చీలలు చేసి పెట్టాడు. ఆ మాట చెప్పేదాకా ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఇక డబ్బు సంగతి, ఎందుకంటే ఇటువంటి వ్యాసాలలో ఆ సంగతి దాటవేస్తారు. మేస్త్రి మా దగ్గర పనిచేసింది పదకొండు సాయంత్రాలు. రోజుకూలి లెక్క కడితే ఆ దీపం ధరకు బజారులో మంచి బీరువా వస్తుంది. “లెక్క గట్టి అమ్మితే ఎవ్వడూ కొనడు సార్” అని ఆయనే అన్నాడు. అమ్మగారు కూలి పూర్తిగా ఇచ్చారు. ఆయన సగం తీసుకొని, మిగతా సగానికి బదులు ఇంకో కిటికీ అడిగాడు. దాన్ని కోయలేదు, తను కట్టుకొంటున్న గదికి అలాగే పెట్టుకొన్నాడు. ఆయన కొడుకు మాడ్యులర్ వంటిళ్ళు బిగించే కంపెనీలో ఉన్నాడు, తండ్రికంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు. వాణ్ణి సన్న ఉలి పట్టమని చెప్పటానికి నాకు నోరు రాదు. జపానులోని ఇసే ఆలయాన్ని ప్రతి ఇరవై ఏళ్ళకూ కొత్త కర్రతో పక్క స్థలంలో మళ్ళీ కడతారు. 2013లో కట్టింది 62వసారి. ఇరవై ఏళ్ళకొకసారి పని తప్పనిసరిగా ఉంటుంది గనుక పెద్దవాడి పక్కన కుర్రవాడు నిలబడతాడు. పని ఉంటే నేర్చేవాడు ఉంటాడు. మన దగ్గర పని అడిగేవారు ఏరీ అన్నది మేస్త్రి ప్రశ్న. ఒక ఆదివారం కొడుకును తీసుకువచ్చి దిమ్మలు చూపిస్తానన్నాడు. ఆ ఆదివారం వాడికి కొంపల్లిలో వంటింటి పని పడిందట, తండ్రి ఒక్కడే వచ్చాడు. దిమ్మలు తీసుకుపోయాడు.

చేయాలని సరదా పడేవారికి రెండు ముక్కలు. మొదటిసారే పువ్వు జోలికి పోవద్దు. గళ్ళ జాలీ ఒక్కటి, అదీ ఒక పక్కకే చేసి చూడండి. బద్దలకు నార తిన్నగా ఉన్న పాత కర్ర మేలు. పచ్చికర్ర ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది. జపాను రంపం ఇప్పుడు ఇక్కడా దొరుకుతుంది గాని, బలంగా లాగకూడదు, దాని బరువుతోనే దాన్ని పోనివ్వాలి. ఉలి ముందు చేయి పెట్టవద్దని వేరే చెప్పక్కర్లేదు. కాగితం ఏడాది రెండేళ్ళకు పసుపెక్కుతుంది. అప్పుడు జాలీని తడిగుడ్డతో తుడిస్తే అన్నపు జిగురు నాని పాత కాగితం ఊడివస్తుంది. కర్ర బాగా ఆరిన తరవాత కొత్తది అంటించుకోవచ్చు.